వీథిలో బండి నిలుపుట

గడచిన వానకాలమున నొక సాయంకాలము పుస్తకముల యంగడి యెదుట, కాలిబాటపై నా స్కూటరును నిలిపి లోనికి బోతిని. తిరిగి వచ్చునప్పటికి చేతికఱ్ఱతో నడచు నొక వృద్ధురాలు ఆ బండిని తప్పించుకొనుటకై కాలిబాట దిగి, బస్సులు పోవు దారిలో మోకాలిబంటి నీటిలో నడచుచుండెను. నా వెంటనున్న శిష్యుడు, “మాస్టారూ, బండి ఇక్కడ పెట్టవచ్చునా?” అని యడిగెను. “ఇక్కడ బోర్డేమీ లేదు గదా!” అంటిని.

ఇల్లు చేరినపిదప ఆ యుత్తరము నన్ను బాధింప దొడగెను.

ఆంగ్లేయుల దేశమున 1931లో మొదట వెలువడిన హైవే కోడ్ అను చిన్న పుస్తక మున్నది. అందు శాసనబద్ధమైన దానికి ‘మస్ట్’ అనియు, హితవుగా జెప్పినదానికి ‘షుడ్’ అనియు వేఱు మాటలు వాడుదురు. మన భాషలో నీ సౌకర్యము లేదు. “నిలుపరాదు” అన్నచో పోలీసు ఆజ్ఞయో, పెద్దల మందలింపో తెలియదు. సంస్కృతమునందును పాణిని విధికిని, నిమంత్రణమునకును, ప్రార్థనకును ఒక్క లిఙ్ లకారమునే చెప్పెను. మన యాలంకారికులు మాత్రము వేదము ప్రభువువలె నాజ్ఞాపించుననియు, పురాణము మిత్రునివలె బోధించుననియు విభజించిరి. మిత్రుని మాట త్రోసివేయవచ్చునని వారి భావము కాదు.

కాలిబాటపై మోటారు నిలుపుట లండనులో 1974 నాటి చట్టముచే నిషిద్ధము. ఇంగ్లండున తక్కినచోట్ల, ప్రత్యేకాజ్ఞ లేనియెడల, ఆ పుస్తకము దానిని ‘షుడ్’తోనే వారించినది. స్కాట్లండు 2019లో చట్టము చేసి 2023 డిసెంబరునుండి నిషేధము నమలుపఱచెను. చూపులేనివాడొకడు కఱ్ఱతో దారి వెదకికొనుచు లండను పొలిమేర దాటెననుకొందము. అడ్డుగా నిలిచిన మోటారు వానికి తగులుట మానునా? మారినది జరిమానా మాత్రమే. ప్రభుత్వము నన్నేమి చేయగలదో ఆ రెండు మాటలు చెప్పును. తోడివానికి నేనేమి బాకీపడితినో చెప్పవు. పైగా ఆ దేశపు 1988 నాటి చట్టము ప్రకారము హితవు నుల్లంఘించుట తనంతట నేరము కాకున్నను, వ్యాజ్యము వచ్చినపుడు బాధ్యతను నిర్ణయించుటకు దానిని చూపవచ్చును. త్రోసిపుచ్చిన మిత్రుడు సాక్షియై బోనెక్కునన్నమాట!

మన సంగతి మఱియు చిత్రము. మన మోటారు వాహనముల చట్టమును 1988 నాటిదే. దాని 122వ సెక్షను, బహిరంగస్థలమున నితరులకు అపాయముగాని, ఆటంకముగాని, మితిమీరిన యసౌకర్యముగాని కలుగునట్లు బండి నిలుపరాదనుచున్నది. 2017 నాటి డ్రైవింగు నిబంధనలు కాలిబాటను పేరు పెట్టియే నిషేధించినవి. బోర్డుతో పనియే లేదు. అచ్చట ననేక స్థలములలో హితవుగా నున్నదానిని మనము శాసనము చేసికొంటిమి. చేసికొని, దానికి హితవుపాటి మర్యాదయైన నీయకున్నాము.

చోటు లేదందురు. కొన్ని వీథులలో నది నిజమే. అంగళ్లకు అనుమతి నిచ్చువారు బండ్లకు చోటెక్కడని ముందే యడుగవలసినది. కాని నా విషయమున నూఱడుగుల దూరముననే ఖాళీస్థలమున్నది. చినుకులు పడుచుండగా నడువనొల్లక, నేను తడియకుండుటకై యామెను తడిపితిని.

మఱునాడు శిష్యుని పిలిచి, నా యుత్తరము చట్టప్రకారముకూడ తప్పని చెప్పితిని. చట్టము సంగతి తానడుగలేదని వాడు మెల్లగా ననెను.