ఏనుగు జబ్బుపడితే ఎంత?



"ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అన్న సామెత మీరందరూ విన్నదే. బతికి ఉంటే దాని చాకిరీకి విలువ, చచ్చిపోతే దాని దంతానికి విలువ. సరే, మరి ఈ రెంటికీ నడుమ మూడవ స్థితి ఒకటి ఉంది గదా! ఏనుగు చావలేదు. కాని పని చేయలేదు. కళ్లు పోయాయి, పాదాలు పుండ్లు పడ్డాయి, నమలడానికి పళ్లు లేవు. అప్పుడు దాని వెల ఎంత? సామెత ఈ మాట చెప్పదు. ఈ వారం మనం ఆలోచించవలసింది దీనిని గురించే.

ఢిల్లీలో పాత కార్లంటే ప్రాణం పెట్టే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వారికి సంఘాలున్నాయి. 1964లోనే స్టేట్స్‌మన్ పత్రిక అక్కడ పాత కార్ల ర్యాలీ ప్రారంభించింది. అటువంటి సంఘంవారితో కలిసి మీరు కూడా ఒక సెలవు రోజున, తెల్లవారుజామున బయలుదేరారనుకోండి. వరుసలో నల్లని పాత ఫోర్డు ఉంది, ఫియట్ ఉంది, అంబాసిడర్ ఉంది. 2014లో తయారీ ఆగిపోయిన ఆ అంబాసిడర్ ఒకప్పుడు మన విచారణలలో ఎన్ని పెండ్లిళ్లకు వచ్చిందో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. కార్లు మథుర దాటి, ఆగ్రా వెళ్లే దారిలో చుర్మురా అనే గ్రామం చేరుతాయి. అక్కడ ఏనుగుల ఆసుపత్రి ఉంది. 1995లో ప్రారంభమైన వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ దీనిని 2018 నవంబరులో తెరిచింది. ప్రత్యేకించి ఏనుగుల కొరకే మన దేశంలో వెలసిన మొదటి ఆసుపత్రి ఇదే. ఎక్స్‌రే యంత్రం ఉంది, లేజర్ చికిత్స ఉంది, లేవలేని ఏనుగును పైకి లేపే యంత్రం ఉంది.

కారు దిగి లోపలికి వెళ్లండి. అక్కడికి చేరిన ఏనుగులలో రాజు ఒకటి. సుమారు యాభై ఏండ్లు గొలుసులలో ఉండి, దారిన పోయేవారు వేసే చిల్లర కొరకు తొండం చాచిన ఏనుగు అది. 2014 జూలైలో దాని గొలుసులు విప్పారు. మరొకటి సూజీ. ఇది మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక సర్కస్‌లో ఉండేది. 2015లో అక్కడి నుంచి తీసుకుపోయేనాటికి దానికి రెండు కళ్లూ కనిపించవు. నమలలేదు గనుక పండ్లు మెత్తగా చేసి పెట్టేవారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. అసలు రూపం చెడకుండా యాభై ఏండ్లు దాటిన కారును 'వింటేజ్' వాహనంగా నమోదు చేసి, దానికి ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. అంటే యాభై నిండిన కారుకు గౌరవం. అదే యాభై నిండిన రాజుకు ఏం దక్కింది? గొలుసు దక్కింది.

కార్ల యజమానులను నేను తప్పుపట్టడం లేదు. పాతదానిని పారవేయక కాపాడుకోవడం మంచి గుణమే. కాని వారి ప్రేమకు ఒక వెసులుబాటు ఉంది. కారులో అరిగిన భాగం తీసి కొత్తది వేయవచ్చును. రంగు వేస్తే మళ్లీ మెరుస్తుంది, తాళం తిప్పితే మళ్లీ పరుగెత్తుతుంది. ఏనుగు సంగతి అలా కాదు. జీవితకాలంలో దానికి దవడ పళ్లు ఆరు విడతలుగా వస్తాయి. ఆరవ విడత అరిగిపోతే ఇక రావు. దాని పాదం అడుగున మెత్తని దిండు వంటి కొవ్వు ఉంటుంది. మట్టినేల మీద తిరగడానికి ఏర్పడిన పాదం అది. కారుకు హాయినిచ్చే తారు రోడ్డే ఏనుగు పాదాన్ని పాడుచేస్తుంది. గట్టినేల మీద ఏండ్ల తరబడి కట్టివేస్తే గోళ్లు పగులుతాయి, చీము పడుతుంది, కీళ్లు అరుగుతాయి. అలా చెడిన కాలికి రోజూ మందునీళ్లలో కడిగి కట్టు కట్టడమే తప్ప, మునుపటివలె చేసే వైద్యం లేదు.

కనుక బాగుచేయడం వేరు, సేవ చేయడం వేరు. బాగుచేసేవాడు అది మళ్లీ పనికి వస్తుందన్న ఆశతో చేస్తాడు. సేవ చేసేవాడికి ఆ ఆశ లేదు. అయినా రేపు ఉదయం మళ్లీ ఆ పాదమే కడుగుతాడు.

"మనుషులకే సరైన ఆసుపత్రి లేని దేశంలో ఏనుగుకు ఎక్స్‌రేలా?" అని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని చీటీ కోసం వరుసలో నిలబడిన తల్లి అడిగితే, ఎవరు కాదనగలరు? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా రెండు మాటలూ చెబుతుంది. అనవసరంగా జంతువులను బాధించడం మనిషి గౌరవానికి తగదు. అలాగే, ముందుగా మనుషుల కష్టం తీర్చవలసిన డబ్బును జంతువుల మీద ఖర్చుచేయడమూ తగదు.

అయితే దానానికీ బాకీకీ తేడా ఉంది. దానం చేసేటప్పుడు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని ఎంచవచ్చును. బాకీకి ఆ వరుస లేదు. ఆ ఏనుగు తానై మన వీధిలోకి రాలేదు. అడవి నుంచి మనం తెచ్చాం. అంకుశంతో మనం నడిపించాం. మావటివాడు ఇంటి ముందు నిలిపినప్పుడు, పిల్లల దడుపు పోతుందని దాని పొట్ట కింద నుంచి దాటించి చేతిలో రూపాయి పెట్టినవారం మనమే. సర్కస్‌లో అది ముక్కాలిపీట ఎక్కి నిలబడితే చప్పట్లు కొట్టినవారమూ మనమే. ఆ రూపాయిలతోనే దాని గొలుసు బిగిసింది. కనుక చుర్మురాలో జరుగుతున్నది దానధర్మం కాదు. చాలా ఆలస్యంగా, చాలా కొద్దిగా తీరుస్తున్న అప్పు.

సాయంత్రానికి కార్లన్నీ మళ్లీ ఢిల్లీ దారి పడతాయి. మీరు కూడా ఇంటికి రండి. వెనుక గదిలో మంచం మీద ఒక పెద్దావిడ ఉండవచ్చును. ఆమె ఇక పొయ్యి దగ్గరకు రాలేదు, మనుమలను ఎత్తుకోలేదు, మందులతో మునుపటివలె కాదు. లేదా ముప్పై ఏండ్లు మీ ఇంట అంట్లు తోమి, మోకాళ్లు పోయి మానేసిన మనిషి పక్క వీధిలోనే ఉండవచ్చును. వారికి చేసేదానిని మనం సాధారణంగా 'జాలి' అంటాం, 'పుణ్యం' అంటాం. ఆ మాటలు కాస్త పక్కన పెట్టండి. ఈ వారం ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చుని, మీరు వారికి ఎంత బాకీ ఉన్నారో నిజాయితీగా లెక్క చూసుకోండి.