అరుదైన దానిని చూచుట

అరుదగు వస్తువును చూడవలెనను కోరిక మానవులకు సహజము. దానిని జ్ఞానతృష్ణ యని మనము మెచ్చుకొందుము. అయితే ఆ కోరిక యెంతవరకు జ్ఞానము, ఎచ్చటనుండి లోభము అను ప్రశ్న విచారింపదగియున్నది.

కడపసీమలోని కలివికోడి కథ యిందుకు తగిన నిదర్శనము. ఇది తీరపక్షుల వర్గములోనిదయ్యు, నీటిని విడిచి ముళ్లపొదల నడిమి మెట్టనేలల నాశ్రయించి రాత్రులయందు సంచరించును. 1848లో జెర్డాను దొర దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎనుబదియైదేండ్లు కానరాకపోగా నశించినదనియే పండితులు తలచిరి. 1986 జనవరిలో భరత్ భూషణ్ అను పరిశోధకుని ప్రయత్నము ఫలించెను. ఐతన్న యను గ్రామీణుడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని చేత పట్టెను. చిక్కిన యా పక్షి కొలదిదినములలోనే మరణించెను.

ఒక ప్రాణము పోయినను జాతికి రక్షణ కలిగినది గదా యని కొందరనవచ్చును. నిజమే, ఆ పిదపనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమేర్పడెను, తెలుగుగంగ కాలువ దారియు మార్పబడెను. ఉన్నదని రుజువు చేయుటకు నాడు పట్టుట అవసరమై యుండవచ్చును. కాని తరువాతి పరిశోధకులు ఇసుకపై నడుగుజాడలను, తమంతట పనిచేయు కెమెరాలను, రాత్రికూతలను ఆధారముగా గొనిరి. ముట్టకయే తెలిసికొన వీలైనపుడు ముట్టుటకు జ్ఞానమను పేరు చెల్లదు.

ఈ ధర్మము అరుదైన పక్షికే పరిమితము కాదు. 2008లో విమానాశ్రయము తెరవబడిన శంషాబాదు పరిసరముల మిగిలిన మెట్టచేలలో ఉత్తితీతువులు వట్టినేలపైననే గ్రుడ్లు పెట్టును. మండుటెండలో తల్లి తన పొట్ట యీకలను నీట తడిపికొని వచ్చి వానిని చల్లపరచును. మనము దగ్గరకు పోగా నది లేచి మన తలలపై నరచుచు తిరుగును. ఆ యరపును వినోదముగా నెంచి నిలిచినంతసేపును గ్రుడ్లు ఎండకు మాడుచుండును. మన యానందమునకు మూల్యము చెల్లించునది ఆ తల్లి.

కావున మేము చెప్పు కొలత యిది: మనలను చూచి పక్షి తన పనిని మానినచో, మనము వెనుకకు తగ్గవలెను. పిల్లలను పొలములకు గొనిపోవు తలిదండ్రులు పక్షుల పేర్లకంటె ముందుగా నీ వెనుదిరుగుటను నేర్పుదురుగాక. అరుదైన పక్షి గూడున్న తావును పదుగురికి చాటి కీర్తిగొనుటకంటె మౌనముగా నుండుటయే యిట్టి వేళ సత్యమునకును దయకును దగ్గరైన మార్గము.