తాలు కాయ

బళ్లారి దగ్గరి కురుగోడు అనగానే దొడ్డబసవన్న గుడి, అందులోని ఏకశిల నంది గుర్తొస్తాయి. ఈ కథ గుడిది కాదు. ఊరి చివర, మిరప కళ్లం పక్కనున్న ఒక ఇంటిది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, కోపమొస్తే రెండూ. లండన్ మిషన్ వాళ్లు బళ్లారికి 1810లోనే వచ్చారు కాబట్టి ఈ సీమకు క్రిస్మస్ కొత్త కాదు. క్రిస్మస్ తాత పిల్లల మంచిచెడ్డలు చిట్టా రాస్తాడన్న మాట మాత్రం ఆ ఇంటికి ఈమధ్యే బడి నుంచి వచ్చింది.

ఆ ఇంటి ఇద్దరు పిల్లల్లో అక్క డిసెంబరు 1నే వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు మొదలుపెట్టింది. రోజుకొక మంచి పని, పనికొక గీత. నీళ్లు తోడితే గీత. తమ్ముణ్ణి కొట్టకుండా ఊరుకున్నా గీతే.

తమ్ముడి లెక్క వేరు. "పరీక్షకు ముందు రోజు చదివితే పాస్ కామా? తాత వచ్చేది 24 రాత్రి. నేను 23 నుంచి మంచోణ్ణయితా" అన్నాడు. నాకైతే వీడే నచ్చాడు, దాపరికం లేదు.

22న పొద్దున పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకొచ్చింది. రాత్రి మంచుకు ఆమె కళ్లంలో కాయ మెత్తబడింది. తిరగేయకపోతే బూజు పడుతుంది. "ఒక్క గడియ వస్తారేమ్మా?" అని అడిగింది.

అక్క గోడవైపు చూసింది. ఆనాటి గీత అప్పటికే పడింది. "ఈ పొద్దుటిది అయిపోయింది పెద్దమ్మా, రేపొస్తా" అంది.

"నాది ఇంకా మొదలే కాలేదు" అన్నాడు తమ్ముడు.

సువార్తలో తండ్రి తోటకు పొమ్మన్న ఇద్దరు కొడుకుల కథ ఉంది. ఒకడు పోనని పోయాడు, ఇంకొకడు పోతానని పోలేదు. ఇక్కడ ఇద్దరూ పోలేదు. ఇంట్లో ఉన్న వాళ్ల అవ్వే మోకాళ్లు పట్టుకుని లేచింది. ముసలోళ్లిద్దరూ ఎండ నెత్తికెక్కేదాకా కాయ తిరగేశారు.

సాయంత్రం అవ్వ తిట్టలేదు. మూతి కట్టని ఒక మిరప బస్తా ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టింది. పైన కాయ ఎర్రగా, ముడతలు పడి, నిగనిగలాడుతోంది. "చెయ్యి పెట్టు" అంది మనవడితో. వాడు మోచేతి దాకా దూర్చి గుప్పెడు తీశాడు. చేతిలో సగం తాలు కాయలే, రంగు పోయి తెల్లబారినవి.

"ఎవరు పోసిరి ఇట్ల?"

"నేనే, మీకు చూపించల్లని. బ్యాడగి మార్కెట్‌లో కొనేటోడు పైన చూసి పోడురా, నీ మాదిరే అడుగుదాకా చెయ్యి పెడతాడు. మీ అక్క పైన నాలుగు మంచి కాయలు పేర్చింది. నువ్వు మూతి కట్టే ముందర పేరుస్తానంటివి. అడుగున ఇద్దరిదీ తాలే."

మరునాడు పండగకని గోడలకు సున్నం కొట్టారు. అక్క వంటింట్లోకి వచ్చేసరికి గోడ తెల్లగా, తడిగా ఉంది. ఇరవైరెండు గీతల్లో ఒక్కటీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి కోసం చూస్తే పెద్దమ్మ కళ్లంలో కనిపించాడు. తేదీ 23 అయిందని పోయాడో, బస్తా గుర్తొచ్చి పోయాడో నేను చెప్పలేను. కాసేపటికి అక్క కూడా పోయింది.

నీతి: మంచితనానికి కోటా పెట్టుకున్నవాళ్లు కోటా తీరగానే తలుపేసుకుంటారు. గడువు పెట్టుకున్నవాళ్లు గడువు వచ్చేదాకా తలుపు తీయరు. వాకిట్లో నిలబడి పిలిచేవాళ్లకు రెండూ మూసిన తలుపులే.

పండగ అయిపోయింది. 26న పెద్దమ్మ మళ్లీ వచ్చి పిలిచింది. ఇద్దరూ పోయారు, గొణుక్కుంటూనే.