సూది చూపు ఉత్తరము



“నా మనస్సాక్షి నన్ను నిందించుట లేదు గనుక నేను చేసినది న్యాయమే” అను మాట మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. గట్టు తగవులో ఈ మాటే, ఆస్తి పంపకములో ఈ మాటే. పలుకువాడు అబద్ధికుడైతే చిక్కు లేదు. అతడు నిజముగా యథార్థవంతుడైనప్పుడే చిక్కు. మనస్సాక్షి నిర్మలముగా నుండుట చాలునా? ఈ ప్రశ్నకు నేనొక పక్షిని సాక్ష్యమునకు పిలుచుచున్నాను.

ఎండిన బావుల రాతి సందులలో గూళ్లు కట్టుకొను పావురములను మీరెరుగుదురు. పందెపు పావురము వాటి జాతిదే. బెంగుళూరులోను చెన్నపట్టణములోను వీటిని పెంచువారి సంఘములు కలవు. పక్షులను బుట్టలలో పెట్టి, బండ్లమీద బహుదూరము కొనిపోయి విడిచిపెట్టుదురు. ఒక్కొక్కని గూడు ఒక్కొక్క దూరమున నుండును గనుక ముందుగా వచ్చినదే గెలిచినట్టు కాదు. దూరమును కాలముతో భాగించి, ఎక్కువ వేగముతో వచ్చిన దానిని ఎంచుదురు. పందెములు కాయుటను నేను మెచ్చను గాని ఆ పక్షిని మెచ్చకుండలేను. పొరుగున ఒడిశా పోలీసువారు 1946లో పావురముల టపా నేర్పరచుకొని, 1999 తుపానులో తంతులు తెగినప్పుడు సహా వాటిచేత వార్తలు పంపిరి. ఎన్నడును చూడని చోట విడువబడిన పక్షి ఇంటి దిక్కును ఎట్లు కనుగొనును?

దిక్సూచి సూది ఉత్తరమును చూపునని బడిలో నేర్చుకొన్నాము. అది పూర్తిగా సరి కాదు. భూమి ఏ ఇరుసుమీద తిరుగుచున్నదో దాని కొన నిజమైన ఉత్తరము. సూది మాత్రము భూమిలోని అయస్కాంత శక్తి ననుసరించి నిలుచును. ఆ శక్తికి వేరొక ధ్రువము కలదు. జేమ్స్ క్లార్క్ రాస్ అను నావికుడు 1831లో దానిని కెనడా ఉత్తరపు అంచున కనుగొనెను. అది అచ్చట నిలువలేదు. ఏటేట కదలుచు ఇప్పుడు సైబీరియా దిక్కునకు సాగుచున్నది. మన అనంతపురము సీమలో ఈ రెండు ఉత్తరముల భేదము రెండు డిగ్రీలకు లోపే. గ్రీన్‌లాండు వంటి దేశములలో ఇరువది డిగ్రీలకు మించి తప్పు చోట్లు కలవు. అచ్చటివాడు సూదిని అనుమానించి లెక్క సరిచేసికొనును. మనవాడు తప్పు చిన్నది గనుక ఉన్నదనియే యెరుగడు. రెండు డిగ్రీలే తప్పినను, వంద మైళ్లు నడచినవాడు మూడు మైళ్లకు పైగా ప్రక్కకు పోవును.

సూదిలో కపటమేమియు లేదు. ప్రక్కన కొడవలి పెట్టినయెడల అటు తిరుగును. అప్పుడును అది యథార్థముగానే తిరుగును. అందుచేతనే, విలియం లాంబ్టన్ దొర 1802లో చెన్నపట్టణమున ఆరంభించి ఈ దేశమును కొలుచుచు 1811 నాటికి మన గుత్తి ప్రాంతమునకు వచ్చినప్పుడు, తన రేఖలకు దిక్కును సూదినిబట్టి నిర్ణయింపలేదు. రాత్రివేళ ధ్రువ నక్షత్రమును కనిపెట్టెను. శింగనమలలో ఆ నక్షత్రము నేలకు పదునైదు డిగ్రీల ఎత్తుననే కనబడును. అదియు సరిగా ధ్రువముమీద నుండదు, దాని చుట్టు చిన్న వలయముగా తిరుగును. ఆయన ఆ వలయపు అంచును చూచి తప్పును తీసివేసెను. నక్షత్రమును చూచుట ఒకటి, చూచినదానిని సరిగా లెక్కించుట మరియొకటి.

ఇక పావురము. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు పండితుడు విలియం కీటన్ 1971లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని పావురములకు చిన్న సూదంటురాళ్లు కట్టి విడిచెను. ఎండ కాయు దినమున అనుభవము గల పక్షులకు ఏ తొందరయు కలుగలేదు. మబ్బు కమ్మిన దినమున అవి దిక్కు తోచక తబ్బిబ్బాయెను. అనగా ఆ పక్షి మొదట సూర్యుని చూచును. సూర్యుడు మరుగైనప్పుడు తనలోని సూదిని నమ్మును. వాసనలును, కొండలును, బాటలును కూడ దానికి తోడ్పడునందురు. ఆ లోపలి సూది ఏ అవయవమందున్నదో పండితులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు.

ఇంతకన్న వింతయైన సంగతి వినుడి. పావురములను కొన్ని దినములు చీకటిగదిలో నుంచి, దీపములతో వాటికి ఆరు గంటల తేడా గల పగలు రాత్రి కల్పించిరి. పిమ్మట మంచి యెండలో విడువగా అవి ఇంటికి పోవు దిక్కునకు ఇంచుమించు అడ్డముగా పోయెను. సూర్యుడు సత్యమే, పక్షి కన్ను సత్యమే. లోపలి గడియారమును ఎవరో త్రిప్పిరి. అట్టి పక్షులనే మబ్బు దినమున విడిచినప్పుడు అవి సరిగా ఇంటి దిక్కు పట్టెను. సూర్యుని చూచినందున తప్పినవి, సూదిని నమ్మి సరిపడెను.

నేను ఈ కడపటి మాటయొద్ద చాల సేపు ఆగితిని. మనస్సాక్షి సూదివంటిదనియు, వాక్యము సూర్యునివంటిదనియు, సూర్యుడుండగా సూది అక్కరలేదనియు చెప్పి ముగించుట సులభము. బోధకులు తరచుగా అట్లే ముగింతురు. అయితే తార్సువాడైన సౌలు వాక్యము తెలియనివాడా? క్రీస్తు నామమునకు విరోధముగా పనిచేయుట తన విధి అని యెంచుకొంటినని అతడే ఒప్పుకొనెను (అపొ. కార్య. 26:9). అతనికి వెలుగు కొదువ కాదు, అతని గడియారము వేరొకరు త్రిప్పినది. నోవహు కుమారుని కథను చూపి దాసత్వమును సమర్థించినవారి చేతులలో బైబిలు గ్రంథమే యుండెను. మరియొకవైపు, ఐగుప్తులోని మంత్రసానులైన షిఫ్రా, పూయాల కాలమున ధర్మశాస్త్రపు పలకలింకను ఇయ్యబడలేదు. మబ్బు దినమే. అయినను వారు దేవునికి భయపడి పసివారిని బ్రదుకనిచ్చిరి (నిర్గమ. 1:17).

ఇప్పుడు మన యింటికి వత్తము. కాఫీ హోటలులో కొందరికి వేరు గ్లాసు పెట్టినవాడు, అందులో తాగక తప్పనివారు మీకు తెలిసినవారే. అట్టి అవమానమునకు గురియైన మనము గుడిలో ఏమి చేసితిమి? మాలపల్లెవారు ఒక ప్రక్క, మాదిగపల్లెవారు ఒక ప్రక్క కూర్చుండిన సంఘములు మన సీమలో లేవని ఎవడు చెప్పగలడు? ఆరాధనలో ఒకే రొట్టె విరిచి, పెండ్లి సంబంధమనగానే మొగము త్రిప్పుకొనువారు నేటికిని లేరా? వారిలో కపటులు కొందరే. మిగిలినవారు ప్రార్థనాపరులు, కానుకలు ఇచ్చువారు. వారి మనస్సాక్షి వారిని పొడువలేదు, ఎందుకనగా ఊరిలోని సూదులన్నియు అదే రెండు డిగ్రీలు ఒరిగి యుండెను. ప్రక్కవాని సూదితో పోల్చి చూచుకొనిరి, సరిపోయెను.

తనలో ఏ దోషమును కానరాకపోయినను అందువలన తాను నీతిమంతుడుగా ఎంచబడనని పౌలు వ్రాసెను (1 కొరింథీ. 4:4). అతడు మనస్సాక్షిని త్రోసివేయలేదు, ఎల్లప్పుడు దానిని నిర్దోషముగా ఉంచుకొన ప్రయాసపడుచుంటినని అధిపతి యెదుట చెప్పెను (అపొ. కార్య. 24:16). సూదిని పారవేయుమని నేనును చెప్పుట లేదు. ప్రక్కనున్న కొడవలి తీసి చూడుమనుచున్నాను. నాకు లాభము తెచ్చు పనిలో నా మనస్సాక్షి మిక్కిలి నెమ్మదిగా ఉన్నయెడల, అచ్చట ఇనుము ఉన్నదేమో వెదకవలెను. నాకు నష్టము తెచ్చు పనికి అది నన్ను నెట్టుచున్నయెడల, అప్పుడు దానిని నమ్ముటకు ఎక్కువ కారణము కలదని నా అభిప్రాయము.

అంతియొకయ సంగతి ఒకసారి చదువుకొనుడి (గలతీ. 2:11-14). పేతురు అన్యజనులతో కూర్చుండి భుజించుచుండెను. తన జనులలో కొందరు యెరూషలేమునుండి రాగానే వెనుకకు తీసెను. ఆయనకు లేఖనములు తెలియును. యొప్పేలో దర్శనము చూచియుండెను. ఆయన మనస్సాక్షి మొద్దుబారినది కాదు. ఆయనను చూచి మిగిలిన యూదులును, చివరకు బర్నబాయు అటే ఒరిగిరి. సంఘమంతయు ఒక వైపు ఒరిగినప్పుడు ఒక సహోదరుడు లేచి అందరి యెదుట ఆ మాట ముఖాముఖిగా చెప్పవలసి వచ్చెను. పేతురు ఏమని బదులు చెప్పెనో, మరునాడు ఏ బల్లయొద్ద కూర్చుండెనో పౌలు వ్రాయలేదు.