టీవీ, తక్కెడ



పసుపు పైసలు చేతికొచ్చే నెలల్లో ఆర్మూర్‌లో మనవాళ్లు ఒక మాట అడుగుతున్నారు: "ఇంట్ల సినిమాలు చూసుకునుటానికి పెద్ద టీవీ కొందామనుకుంటున్నం. బౌద్ధులం గదా, తృష్ణ వద్దన్నరు గదా, ఇది తప్పయితదా?" నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. అడిగేవాళ్లలో సొంత పసుపు చేను ఉన్నవాళ్లు తక్కువ. కౌలుకు చేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, కొడుకు గల్ఫ్‌లో ఉన్నవాళ్లే ఎక్కువ.

ఇలాంటి మాటే దీఘజాణు అనే కోలియుడు బుద్ధుణ్ణి అడిగాడు. మేం పిల్లాపాపలతో ఇరుకిరుకుగా బతికేవాళ్లం, కాశీ చందనం పూసుకుంటాం, పూలమాలలు వేసుకుంటాం, వెండి బంగారాలు వాడతాం, మాలాంటోళ్లకు పనికొచ్చే ధమ్మం చెప్పండి అన్నాడు. చందనం మానెయ్యమని బుద్ధుడు అనలేదు. కష్టపడి సంపాదించు, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో స్నేహం చెయ్యి, రాబడికి తగ్గట్టు బతుకు అన్నాడు. ఈ చివరిదాన్ని పాళీలో సమజీవితా అంటారు. దానికి ఆయన తెచ్చిన పోలిక తక్కెడ. తూచేవాడికి ఇంత మొగ్గింది, ఇంత లేచింది అని తెలిసినట్టే గృహస్థుడికి తన రాక, పోక తెలియాలి. పసుపు కాంటా ముందు నిలబడ్డవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొంచెం సంపాదించి గొప్పగా ఖర్చుపెట్టేవాణ్ణి మేడిపండ్లు తినేవాడితో పోల్చాడు. నాలుగు పండ్ల కోసం చెట్టంతా దులిపి, మిగిలినవి నేలపాలు చేసే తిండి అది. బాగా సంపాదించి కూడా కడుపు మాడ్చుకునేవాణ్ణీ ఆయన మెచ్చుకోలేదు. మన ఉపన్యాసాల్లో ఈ రెండో ముక్క ఎందుకో జారిపోతుంటుంది!

బాబాసాహెబ్ 1950లో మహాబోధి పత్రికకు రాసిన వ్యాసంలో, మతమన్నది పేదరికాన్ని పవిత్రం చేయకూడదన్నారు. దాన్ని టీవీకి పెట్టి చూడండి. దూరదర్శన్ రోజుల్లో ఊళ్లో టీవీ ఉన్న ఇళ్లు ఒకటో రెండో. వాకిట్లో నిలబడి, కిటికీ అవతల నుంచి మెడలు చాపి సినిమా చూసిన వాడ పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వాళ్లు సొంత గోడకు టీవీ తగిలించుకుని, సొంత చాప మీద కాళ్లు చాపుకుని చూస్తే దానికి తృష్ణ అని పేరు పెట్టడానికి నాకు నోరు రాదు.

ఇక ఏ టీవీ? పాత ప్లాస్మా చవగ్గా వస్తోందని కొందరంటున్నారు. సినిమాకు ప్లాస్మా మంచిదన్న పేరు ఉత్తదేం కాదు. చిన్న చిన్న గదుల్లో వాయువు వెలిగి బొమ్మ వస్తుంది కాబట్టి చీకటి గదిలో నలుపు నల్లగానే కనపడుతుంది. కానీ పానాసోనిక్, శాంసంగ్, ఎల్‌జీ మూడూ పదేళ్ల కిందే వాటి తయారీ ఆపేశాయి. పాడైతే కొత్త భాగం దొరకదు. అదే సైజు ఎల్‌ఈడీ కంటే కరెంటు రెండు మూడింతలు తాగుతుంది. ఛానల్ గుర్తు ఒకే మూల గంటల తరబడి ఉంటే ఆ మచ్చ తెర మీద నిలిచిపోతుంది. చవగ్గా కొని బిల్లు కట్టుకుంటూ పోవడం బేరం కాదు. ఆరడుగుల దూరంలో కూర్చునే గదికి 43 అంగుళాల ఎల్‌ఈడీ చాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా.

అసలు చిక్కు కిస్తీ దగ్గర ఉంది. పసుపు జూన్‌లో పెడితే జనవరి దాటాక తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, అప్పుడు నిజామాబాద్ యార్డుకు పోవాలి. ఏడాదికి ఒక్కసారి వచ్చే డబ్బు. అది కూడా ఎంతొస్తుందో తెలీదు. 2019లో గిట్టుబాటు ధర లేక 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నామినేషన్ వేసి పోటీలో నిలిచారు. అదే పసుపు 2024 మార్చిలో క్వింటాలు 18 వేలు దాటింది. కిస్తీకి ఈ ఎత్తుపల్లాలు తెలియవు, నెల తిరగ్గానే వచ్చి నిలబడుతుంది. ఆ నెల ఎవరు కడుతున్నారు? చాలా ఇళ్లల్లో అమ్మ చుట్టే బీడీలే కడుతున్నాయి. కొడుకు 55 అంగుళాలు కావాలంటాడు, తల్లి చాట ముందు ఇంకో గంట వంగి కూర్చుంటుంది. సాయంత్రం సినిమా పెట్టే వేళకు ఆమె నడుం వాల్చేస్తుంది. టీవీ ఎవరి కోసం కొన్నట్టు?

"సున్నా వడ్డీ" అన్న బోర్డు చూసి మోసపోకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, అది వేరే ఖర్చుల్లో దాక్కుంటుందని 2013 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదుకైతే ధర ఎంత తగ్గిస్తారు, ఈ రెండూ అడగండి. దుకాణపాయన ముఖం చూస్తే సగం లెక్క తేలిపోతుంది. గృహస్థుడికి దక్కే నాలుగు సుఖాలను అనాథపిండికుడికి చెప్పినప్పుడు అప్పులేని సుఖాన్ని బుద్ధుడు విడిగా లెక్కపెట్టాడు. కోసల రాజ్యంలో పేరుమోసిన సెట్టికి చెప్పిన మాట అది.

పక్కింటివాళ్లది 50 అయితే మాది 55 ఉండాలనే పట్టుదల మాత్రం తృష్ణే. అందులో సినిమా లేదు. సినిమా కోసమే అయితే ముందు ఏం చూస్తామో అనుకోండి. మమ్ముట్టి అంబేడ్కర్‌గా నటించి జాతీయ అవార్డు పొందిన జబ్బార్ పటేల్ సినిమా ఉంది. పక్కనున్న మహారాష్ట్రలో నాగరాజ్ మంజులే 2013లో తీసిన 'ఫాండ్రీ' ఉంది. సరిహద్దు మండలాల్లో మరాఠీ తెలిసిన ఇళ్లు కొన్ని ఉన్నాయి, వాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, మాట మాటకూ అర్థం చెబుతారు. పెట్టే వేళ కూడా అమ్మ చాట పక్కన పెట్టాకే చూసుకోండి.