కాలాపానీ తీర్థమవుతుందా?

తీర్థమనే మాట ‘దాటడం’ అనే అర్థమున్న ‘తౄ’ ధాతువు నుంచి పుట్టింది. ఏటిని దాటే రేవుకు మొదట ఉన్న ఆ పేరు, క్రమంగా సంసారాన్ని దాటించే పుణ్యస్థలానికి చెల్లింది. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అనే పేరున్న నగరానికి ఎదురుగా ఉండి, 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా పేరు మారిన రాస్ ద్వీపాన్ని ఈ అర్థంతో తూచడం అంత తేలిక కాదు. 1858లో అండమాన్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పిన బ్రిటిష్ ప్రభుత్వం 1941 భూకంపం దాకా ఈ చిన్న దీవి నుంచే పాలన సాగించింది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనీయాలలో, అంటే మనిషిని స్వధర్మం నుంచి భ్రష్టుణ్ణి చేసే కర్మలలో, చేర్చింది కనుక ‘కాలాపానీ’ దాటించడమంటే దేహంతోపాటు పరలోకాన్నీ శిక్షించడమేనన్న భయాన్ని పాలకులు బాగానే వాడుకున్నారు. శాస్త్రనిషేధం పరాయి ప్రభుత్వానికి శిక్షాసాధనం కావడం శాస్త్రకారులు ఊహించి ఉండరు.

నేడు శిథిలమైన చర్చి గోడలను మర్రిజాతి వేళ్లు పెనవేసుకొని ఉండగా, సందర్శకులు పక్కనే ఉన్న నార్త్ బేలో మునిగి పగడపు దిబ్బలను, వాటి నడుమ తిరిగే చిలుకచేపలను చూస్తారు. చిలుకముక్కు వంటి నోటితో పగడపు రాతిని కొరికి, దానిని అంటిన నాచును అరిగించుకొని, మిగిలిన సున్నపుపొడిని ఇసుకగా విడిచే చేప ఇది. పగడపు తీరాల తెల్లని ఇసుకలో కొంత దీని చలవే. నీటిలోనే పుట్టి నీటిలోనే గిట్టే జలచరాలు మనోమాలిన్యం పోనందున స్వర్గానికి చేరవని స్కాందపురాణంలోని కాశీఖండం అంటుంది. సత్యం, క్షమ వంటి మానసతీర్థాలు లేనిదే స్నానం వ్యర్థమని దాని భావం. చేప పట్ల ఇది కొంత అన్యాయమే, ఎందుకంటే చనిపోయినవారికి తీర్చి దాటవలసిన ఋణం చేపకు లేదు, మనిషికే ఉంది.

ఆ ఋణం దగ్గరే స్థలానికి మళ్లీ విలువ వస్తుంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగివచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు గాని, తిరిగిరానివారెందరో. పాలకులకు రాస్ దీవిలో సమాధిశిలలున్నాయి. ఆ ఖైదీలలో అత్యధికులకు ఆ ఆనవాలైనా లేదు. తర్పణం ముగింపులో తడిబట్ట పిండి, ఆ నీటిని తన వంశంలో సంతానం లేక మరణించినవారికి విడిచే వస్త్రనిష్పీడనమనే విధి ఉంది; భీష్మతర్పణాన్నైతే ఆయనతో ఏ రక్తబంధమూ లేనివారు కూడా విడుస్తారు. ఆ దృష్టాంతం ఉండగా, పగడాలు చూసి ఒడ్డెక్కి బట్టలు పిండుకునే సందర్శకుడు ఆ నీటిని పేరు తెలియని ఖైదీల పేర విడిస్తే శాస్త్రం అడ్డు చెబుతుందని వాదించడం కష్టం.