అమ్మమ్మ నాటిన గడ్డ ఇదేనా?

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస గుర్తొస్తాయి. పెరట్లో బావి గట్టునో దడి వారనో ఉండే విషమూంగలి అనే గడ్డమొక్క ఎవరికీ గుర్తురాదు. అయినా పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక్క పిలక చాలు, కొన్నేళ్లకు గుబురవుతుంది. దాన్ని చూపించి ‘ఇది మా అమ్మమ్మ నాటిందే’ అంటారు ఇంటివారు.

నిజంగా అదేనా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం తోటల్ని నేలకూల్చింది. మొవ్వు విరిగిన కొబ్బరి మళ్లీ లేవదు. విషమూంగలి ప్రాణమంతా నేలలోని గడ్డలోనే ఉంటుంది కాబట్టి, ఆకులు పీలికలైనా గడ్డ దక్కితే చిగురిస్తుంది. అయితే ఆ గడ్డ కూడా నిలకడైనది కాదు. లోపల కొత్త పొరలు పుడుతుంటే పైపొరలు ఎండి, గోధుమరంగు కాగితాల్లా ఊడిపోతాయి. కొన్నాళ్లకు అమ్మమ్మ చెయ్యి తగిలిన పొర ఒక్కటీ మిగలదు.

ఇలాంటి ప్రశ్న బౌద్ధులకు కొత్త కాదు. ఇక్కడే వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ భిక్షువులు శతాబ్దాలపాటు నివసించారు. మారని ఆత్మ అంటూ ఏదీ లేదన్నది బౌద్ధం. మరి నిన్నటి మనిషికీ నేటి మనిషికీ సంబంధమేమిటి? పాళీ గ్రంథం ‘మిలిందపన్హ’లో నాగసేనుడనే భిక్షువు మామిడిపళ్ల దొంగను ఉదాహరణగా తెస్తాడు. యజమాని నాటిన కాయ వేరు, నేను కోసిన కాయలు వేరు అని దొంగ వాదించినా శిక్ష తప్పదు. నాటినదాన్ని ఆధారం చేసుకునే కదా ఇవి కాసింది! అదే కాదు, వేరూ కాదు.

ఉద్దానం పెరటికి ఇంతకన్నా సరైన జవాబు లేదు. పిలకలో తల్లి జన్యువులే ఉంటాయి కనుక అదే మొక్క అని వృక్షశాస్త్రం అనవచ్చు. కానీ అమ్మమ్మకు మనం రుణపడింది జన్యువుల వల్ల కాదు, ఆమె నాటి, నీళ్లు పోసి, మరొకరికి పంచినందువల్ల. గింజ దారి వేరు. రాత్రిపూట విచ్చే తెల్లపూలకు చిమ్మటలు వాలాక ఏర్పడే ఆ లావాటి గింజ సముద్రం మీద తేలుతూ పోగలదు, మట్టి తగలకుండానే మొలకెత్తగలదు. దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

పిలకకు మాత్రం చెయ్యి కావాలి. వేళ్లు తెగకుండా తవ్వి, మెడ పైకి ఉండేలా ఇసుక నేలలో నాటాలి. ఆ ఏడు పూయకపోవచ్చు. గడ్డలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, పిల్లలకు దూరంగా ఉంచాలి. ఇచ్చేటప్పుడు అది ఏ ఊరి నుంచి, ఎవరి ద్వారా వచ్చిందో చెప్పి ఇవ్వాలి. అప్పుడే, మరో తుపానుకు పెరడు పోయినవారికి, పిలక కోసం ఏ ఇంటికి వెళ్లాలో తెలుస్తుంది.